వంశాన్ని కాచే పెద్దలకు

పెద్దలారా, ఇది మీ పొగడ్త. ఇందులో నేను పొగిడే ప్రతి గుణమూ మీలో నిజంగా ఉంది. లేనిది ఒక్కటీ చేర్చను.

పిల్లోడు తనంతట తాను ఒక పిల్లను చూసుకున్నాడన్న సంగతి ఇంట్లో పడిన క్షణం నుంచి మీరు చూపే దక్షత నాకు తెలుసు. వానల్లేక చెరువు ఎండిన ఏడు కూడా ఒక చోట కూర్చోని అన్నదమ్ములు ఆ రాత్రి ఒకే మంచం మీద కూర్చుంటారు. గట్టు తగాదాతో ఇరవై ఏళ్ళుగా మాటల్లేని చిన్నాయన గడప దాటి లోపలికొస్తాడు. చెన్నైలో మేనమామకు, బెంగళూరులో బావకు, కువైట్‌లో ఉన్న పెదనాయన కొడుక్కి ఫోన్లు పోతాయి. "ఎవురి పిల్లప్పా అది?" అని ఒక్కరు అడిగితే చాలు, తెల్లారేసరికి ఆ పిల్ల ఇంటిపేరు, వాళ్ళ నాయన చేసే పని, వాళ్ళవ్వ పుట్టిల్లు, మూడు తరాల్లో వాళ్ళింటి ఆడబిడ్డలు ఎక్కడెక్కడ మెట్టారో అంతా మీ చేతికొస్తుంది. ఊరి కాలువకు పూడిక తీయించడానికి, బడికి గోడ కట్టించడానికి పదేళ్ళయినా కూడిరాని ఐకమత్యం ఇది. ఇంత పట్టుదల, ఇంత జ్ఞాపకశక్తి, ఇంత వేగం ఒక్క పనికోసం ఒక్కటవడం చూసి ఎవరైనా దండం పెట్టాల్సిందే. నేనూ పెడుతున్నాను.

ఆ రాత్రంతా మీరు కూడబెట్టిన వివరాల్లో ఆ పిల్లకు ఏమిష్టం, ఏం చదివింది, కోపమొస్తే ఎట్లా ఉంటుంది, మీ పిల్లోడిలో ఏం చూసింది అన్నవి మాత్రం ఉండవు. వాటికి ఆమెనే అడగాలి.

ఈ విద్య మీకు నిన్న మొన్న అబ్బింది కాదు. పాకాలలో తిరుపతి బండి ఎక్కితే దారిలో చంద్రగిరి వస్తుంది. కొండ కింద రాజమహలు, పక్కన రాణీమహలు. పిల్లకాయల్ని తీసుకుపోయి అక్కడ ఫొటోలు తీయిస్తారు, రాయలవారి గొప్పతనం చెబుతారు. రాయలవారి ఇంట్లో పెండ్లి సంగతి, వారసత్వం సంగతి ఎట్లా నడిచాయో కూడా అక్కడే నిలబడి చెప్పాలి. ఎందుకంటే ఆ కథలో చంద్రగిరికి పెద్ద భాగమే ఉంది.

కథ చెప్పినవాడు పోర్చుగీసు గుర్రాల వ్యాపారి ఫెర్నావ్ నూనిజ్. శ్రీకృష్ణదేవరాయలు పోయాక, అచ్యుతరాయల కాలంలో విజయనగరంలో ఉండి, విన్నదంతా రాసుకున్నాడు. రాబర్ట్ సీవెల్ 1900లో ఆ రాతను ఇంగ్లీషులోకి తెచ్చాడు. ఆయన రాసిన ప్రకారం, రాయల అన్న వీరనరసింహుడు చావుపడక మీద ఉండి, తన ఎనిమిదేళ్ళ కొడుకే రాజు కావాలని, దానికి అడ్డం రాకుండా తమ్ముడి కండ్లు పీకించమని మంత్రి సాళువ తిమ్మరుసుకు చెప్పాడు. తిమ్మరుసు తమ్ముణ్ణి పక్కకు పిలిచి విషయం చెప్పి, దాచిపెట్టి, మేక కండ్లు తెచ్చి రాజుకు చూపించాడు. అన్న కన్నుమూశాడు, తమ్ముడు 1509లో గద్దెనెక్కాడు. ఎక్కిన వెంటనే ఆ ఎనిమిదేళ్ళ బిడ్డను, తన ముగ్గురు తమ్ముళ్ళను తెచ్చి పెట్టింది ఈ చంద్రగిరి కోటలోనే. ఆ బిడ్డ ఇక్కడే చచ్చిపోయాడని నూనిజ్ రాశాడు. వంశం మీద ప్రేమ అంటే ఏమిటో తెలిసిన ఇల్లు అది. అన్నకు కొడుకు మీద ప్రేమ, తమ్ముడికి గద్దె మీద ప్రేమ. రెండింటి మధ్యా పోయింది ఆ పిల్లవాడు.

ఇట్లాంటి ఇంట్లో ఒక యువరాజుకు ఒక పిల్ల నచ్చింది.

విజయనగరంలో పెరిగే రోజుల్లోనే కృష్ణరాయలకు ఒక వేశ్యతో చనువు ఏర్పడిందని, ఆమె పేరు చిన్నాదేవి అని నూనిజ్ చెబుతాడు. నేను రాజునైతే నిన్ను పెండ్లాడతానని ఆ కుర్రవాడు ఎన్నోసార్లు మాటిచ్చాడట. అప్పటికి అది సరదా మాటే. కానీ రాజయ్యాక కూడా మరవలేదు. రాత్రిళ్ళు కోట విడిచి దొంగచాటుగా ఆమె ఇంటికి పోయేవాడు. ఒక రాత్రి తిమ్మరుసు వెంటపడ్డాడు. రాజు ఆమె గడప దాటేదాకా చూశాడు. తర్వాత గట్టిగా మందలించి కోటకు తీసుకొచ్చాడు.

తిమ్మరుసును మనసారా పొగడాలి, పెద్దలారా. ఆయన వేగులవాళ్ళను పంపలేదు, తానే నడిచాడు. చాటున నాలుగు మాటలనక, రాజు ముఖానే అన్నాడు. అన్నిటికంటే పెద్ద సంగతి, ఆ తర్వాత విన్నాడు. ఆమెను ఎంత ప్రేమిస్తున్నాడో, మాట ఎట్లా ఇచ్చాడో, ఏమైనా సరే పెండ్లి చేసుకుని తీరతానని రాజు చెబుతుంటే కూర్చుని విన్నాడు. అప్పాజీ అని రాయలు పిలిచేవాడని జనం చెప్పుకునే మనిషి, తండ్రి స్థానంలో ఉన్న మనిషి, విని, తగ్గాడు. మీలో ఎంతమంది అంతవరకు వచ్చారు? కొడుకు నోరు తెరిచేలోపే తల్లి అన్నం మానేస్తుంది, తండ్రి ఛాతీ పట్టుకుంటాడు, అవ్వ తన చావు తేదీ చెప్పేస్తుంది. ఆ ఇంట్లో వినేవాళ్ళు ఎవరూ మిగలరు. ఐదు వందల ఏళ్ళ కింద, కండ్లు పీకించడం మామూలైన ఒక కోటలో, ఒక ముసలి మంత్రి వినగలిగాడు.

విన్న తర్వాత ఆయన చేసిన ఏర్పాటు మాత్రం మీకు బాగా తెలిసిందే. ప్రభువుల మీదికి నింద రాకుండా ఈ పని నెరవేరుస్తానన్నాడట. ఎట్లా? రాజవంశానికి చెందిన ఒక అందాల పిల్లను వెతికి, ముందు ఆమెతో పెండ్లి చేశాడు. ఆ పెండ్లి తంతు ముగిశాక, ఎత్తయిన బురుజు ఒకటి కట్టించిన ఇంట్లో ఆ పిల్లనూ చిన్నాదేవినీ కలిపి ఉంచాడు. రాజు కోరిక తీరింది. వంశానికి తగిన పెండ్లీ జరిగింది. నింద రాలేదు.

ఈ ఏర్పాటులోని నేర్పును ఎంత పొగిడినా తక్కువే. ఒక్క దెబ్బకు ముగ్గురి సమస్య తీర్చాడు: రాజుది, కోటది, ఊరిది. నాలుగో మనిషి ఒకరున్నారు. ఆ రాజవంశపు పిల్ల. ఆమె అందాన్ని చెప్పాడు నూనిజ్, ఆమె వంశాన్ని చెప్పాడు, ఆమె పేరు చెప్పకుండా దాటిపోయాడు. మరొకరి మీద మనసున్న మనిషికి, ఆ మనసు మీద పడే నిందకు ముసుగుగా ఆమెను ఇచ్చారు. పెండ్లి పందిట్లో కూర్చున్నప్పుడు ఆ సంగతి ఆమెకు తెలుసా? తెలిశాక ఆ బురుజు ఇంట్లో రెండో గదిలో ఆమె ఎట్లా ఉంది? తిమ్మరుసు లెక్కలో ఆ ప్రశ్నకు చోటు లేదు. మీ లెక్కలోనూ లేదు. కొడుకు "వేరే పిల్ల" అన్న వారంలోపే పీలేరులోనో పూతలపట్టులోనో కల్లూరులోనో మనవాళ్ళ పిల్లను చూసి, పెట్టుపోతలు మాట్లాడి, దగ్గర్లో ఉన్న ముహూర్తానికి తాళి కట్టిస్తారు మీరు. ఆ తొందరను మెచ్చుకునే బంధువులు ఉన్నారు. "పరువు నిలబెట్టుకున్నారప్పా" అంటారు. తాళి కట్టించుకున్న పిల్ల ఏడాది తిరక్కముందే పుట్టింటికి వస్తే, ఆమెకు సర్దుకుపోయే గుణం లేదని చెప్పేదీ మీరే. ఆమెను ఎందుకు తెచ్చారో ఆమెకు చెప్పరు. వాళ్ళ అమ్మానాయనలకు చెప్పరు. ఇంత రహస్యం ఇంతమంది కలిసి కాపాడటం మామూలు సంగతి కాదు.

ఆ కోట నడిపిన తీరును మరో పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేయస్ కూడా చూశాడు. 1520 ప్రాంతంలో వచ్చాడు. రాజుకు ముగ్గురు పట్టపురాణులు: ఒకరు ఒరిస్సా రాజు కూతురు, ఒకరు శ్రీరంగపట్నం రాజు కూతురు, మూడో ఆమె యువరాజుగా ఉన్నప్పుడు మాటిచ్చిన వేశ్య అని రాశాడు. ముగ్గురికీ విడివిడి ఇండ్లు. ఒకరికి ఎన్ని నగలో ఇంకొకరికీ అన్నే, ఎంతమంది చెలికత్తెలో అంతమందే. ఎవరికీ మనసు నొచ్చకూడదని, పొరపొచ్చాలు రాకూడదని ఆ సమానం. ముగ్గురూ మంచి స్నేహితులని కూడా ఆయన అన్నాడు. ఒక వేశ్యకూ ఇద్దరు రాజపుత్రికలకూ తూకం తప్పకుండా పంచగలిగిన ఆ యింటి పెద్దరికం గొప్పదే. నగలు లెక్కబెట్టారు, దాసీలను లెక్కబెట్టారు.

ఇక తిరుమలకు రండి. పాకాల వాళ్ళకు కొండ ఎంత దూరం? శనివారం పొద్దున పోయి రాత్రికి వచ్చేస్తారు. 1513 ఫిబ్రవరి 10న రాయలు మొదటిసారి కొండెక్కినప్పుడు రాణులు తిరుమలదేవి, చిన్నాదేవి ఇద్దరూ స్వామికి పాలు ఆరగింపు పెట్టేందుకు చెరో బంగారు గిన్నె సమర్పించారని శాసనాలు చెబుతున్నాయి. మహాద్వారం దాటగానే ప్రతిమా మంటపంలో ముగ్గురి లోహ విగ్రహాలు ఉన్నాయి. నడుమ రాయలు, ఇరువైపులా ఇద్దరు రాణులు, చేతులు జోడించి స్వామి వైపు తిరిగి. వాళ్ళ పేర్లు భుజాల మీద చెక్కి ఉన్నాయి. శాసనాల్లో చిన్నాదేవి పుట్టుక గురించి ఒక్క మాట లేదు. వేశ్య అన్న మాట పోర్చుగీసు వాళ్ళ రాతల్లోనే కనిపిస్తుంది, ఆ మాటను ఒప్పుకోని చరిత్రకారులూ ఉన్నారు. ఎట్లయినా, కొండ మీద ఆమె రాణి. ఆమె గిన్నెలో పాలు స్వామి తాగాడు. మీరు లైనులో నిలబడి ఆ విగ్రహాల ముందు నుంచే పోతారు. మీలో చాలామంది ఆ ముగ్గురికీ దండం పెడతారు కూడా. మీ భక్తిలో లోపం లేదు.

భక్తి సంగతి వచ్చింది కాబట్టి ఇంకొక మాట. మన సీమలో వరుని ఇంటి పెద్దరికానికి నిలువెత్తు గుర్తు వకుళమాత. వేటకు పోయిన శ్రీనివాసుడు నారాయణవనం రాచబిడ్డను చూసి వచ్చి, తిండి మాని పడుకుంటే, ఆ తల్లి ఏం చేసింది? ఎవరి బిడ్డ అని కనుక్కుంది, నిజమే. కనుక్కున్నది పిల్లనడగడానికి. కొండ దిగి, అడవి దాటి, ఆకాశరాజు కోటకు తానే నడిచిపోయి పిల్లనడిగింది. కొడుకు చేతిలో చిల్లిగవ్వ లేకపోతే కుబేరుడి దగ్గర అప్పు చేసి పెండ్లి జరిపించారు. ఆ అప్పుకు వడ్డీ కడుతున్నామనే కదా మనమంతా హుండీలో వేసేది. ఆ తల్లికి పేరూరు బండ మీద గుడి ఉంది, 2022లో మళ్ళీ కట్టి కుంభాభిషేకం చేశారు. శ్రీనివాస కల్యాణం టికెట్టు కోసం నెలల ముందే కంప్యూటరు ముందు కూర్చుంటారు మీరు. ఇంట్లో కల్యాణం చేయించి ఊరందరికీ అన్నం పెడతారు. ఇంత ఖర్చుపెట్టి, ఇంత భక్తితో మీరు జరిపించే పెండ్లి, కొడుకు తానే చూసుకున్న పిల్లతో జరిగిన పెండ్లి. దానికి మీ చేయి ఎంత ధారాళమో నాకు తెలుసు.

వేరే కోటల వాళ్ళను కూడా చూసి మీరు గర్వపడవచ్చు, మీరు ఒంటరివాళ్ళు కాదు. ఇంగ్లండు రాజు ఎనిమిదో ఎడ్వర్డు, రెండుసార్లు విడాకులైన వాలిస్ సింప్సన్‌ను పెండ్లాడటం కోసం 1936 డిసెంబరులో గద్దె దిగాడు. 1937 జూన్ 3న ఫ్రాన్సులో పెండ్లయితే రాజకుటుంబం నుంచి ఒక్కరూ పోలేదు. దానికి వారం ముందే, రాచ మర్యాద పిలుపు ఆయనకు మాత్రమేనని, భార్యకు చెల్లదని పత్రం జారీ చేశారు. అత్తగారు మేరీ రాణి కోడలిని చివరిదాకా గడప తొక్కనివ్వలేదు. 1972లో ఆయన పోయాక అంత్యక్రియలకు ఆమెను కోటకు రానిచ్చారు. 1986లో ఆమె పోతే ఆయన పక్కనే పాతిపెట్టారు. ఆ పిలుపు విషయంలో యాభై ఏళ్ళు మాట తప్పలేదు. ఆ యాభై ఏళ్ళలో వాళ్ళకు దొరికిన చోటు ఆరడుగులు.

మనకు దగ్గర్లోనే పుదుక్కోట్టై. ఆ తొండైమాన్లు తమ పూర్వికులు తిరుపతి సీమ నుంచి వచ్చారని చెప్పుకున్నారు, తమ వంశావళిని తెలుగు కావ్యంగా రాయించుకున్నారు. ఆ వంశంలో మార్తాండ భైరవ తొండైమాన్ 1915 ఆగస్టులో మెల్‌బోర్న్‌లో మాలీ ఫింక్ అనే ఆస్ట్రేలియా పిల్లను పెండ్లాడాడు. అప్పటికే ఆయన రాజు. తెల్లదొరలు ఆమెను రాణిగా గుర్తించలేదు. దేశీయ రాజు తెల్లపిల్లను చేసుకోవడం వాళ్ళకు గిట్టలేదు. అక్కడి కోటలోనూ ఆమెను ఒప్పుకోనివాళ్ళు ఉన్నారు. కొన్ని నెలలకే భార్యాభర్తలు ఊరు విడిచారు. 1916లో సిడ్నీలో కొడుకు పుట్టాడు. రాజు కొడుకే, అయినా వారసుడు కాదన్నారు. 1928లో పారిస్‌లో రాజు కన్నుమూస్తే, బంధువుల బిడ్డను, ఆరేళ్ళ పిల్లవాణ్ణి తెచ్చి గద్దెమీద కూర్చోబెట్టారు. ఆ ఒక్క పిల్లను బయట నిలబెట్టడంలో దొరలూ కోటవాళ్ళూ ఒక్కటయ్యారు. కులం పట్టింపు నల్లవాళ్ళకేనని దొరలు రాసిన పుస్తకాలు చదివాను. ఆ పుస్తకాల కంటే పుదుక్కోట్టై నాకు ఎక్కువ నేర్పింది.

నేపాల్ దగ్గరికి వచ్చేసరికి నా నోట పొగడ్త రాదు. 2001 జూన్ 1 రాత్రి కాఠ్మాండూలో నారాయణహితి కోటలో రాజు బీరేంద్ర, రాణి ఐశ్వర్య, వాళ్ళ పిల్లలు, బంధువులు తుపాకీ గుండ్లకు కూలిపోయారు. యువరాజు దీపేంద్రే కాల్చాడని విచారణ సంఘం చెప్పింది. తాను కోరిన పిల్లను ఇంట్లో ఒప్పుకోలేదన్నదే కారణమని దేశమంతా చెప్పుకుంది. ఆ సంఘం కారణం జోలికి పోలేదు. సంఘం మాటను నమ్మని నేపాలీలు ఈనాటికీ ఉన్నారు. స్పృహలేకుండా ఆసుపత్రిలో పడున్న దీపేంద్రను రాజుగా ప్రకటించారు, మూడో రోజు ఆయనా పోయాడు. ఆ పిల్ల పేరు ఇక్కడ రాయను. ఆమె దేశం విడిచి వేరే చోట బతుకు వెతుక్కుంది, ఆమెను మళ్ళీ ఆ రాత్రిలోకి లాగే హక్కు నాకు లేదు. 2008లో నేపాల్‌లో గద్దే లేకుండా పోయింది. అట్లాగే మన తెలుగు నేల మీద, 2018 సెప్టెంబరులో మిర్యాలగూడలో, ఆసుపత్రి నుంచి గర్భిణి అయిన భార్యతో బయటికొస్తున్న యువకుణ్ణి నరికి చంపారు. డబ్బిచ్చి చంపించింది పిల్ల తండ్రేనని కేసు నడిచింది. అటువంటిదానికి పొగడ్త వేషం కట్టను. ఆ దారి పట్టినవాళ్ళు ఈ కాగితం మీద నేను పిలిచే పెద్దలు కాదు.

మీరు అంతదాకా పోరు, తెలుసు. మీ దారులు మెత్తనివి. ఫోను తీసుకుని దాచిపెడతారు. ఉద్యోగం చేసే ఊరు నుంచి అవ్వకు ఒంట్లో బాగాలేదని పిలిపిస్తారు. వచ్చాక తిరిగి పోనివ్వరు. కులం పేరు ఎత్తరు. "మనకూ వాళ్ళకూ పద్ధతులు కలవవు" అంటారు. మనోళ్ళు కాదు అన్న ఐదక్షరాల మాటను ఇంత మర్యాదగా చెప్పగల నాగరికత మీది. ప్రత్యేక వివాహ చట్టం ప్రకారం పెండ్లికి 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, దాన్ని ఆఫీసులో అందరికీ కనిపించేట్టు పెట్టాలి. 1954 నాటి ఆ చట్టాన్ని మీలో చాలామంది చదివి ఉండరు. కానీ ఆ నోటీసు పడిన రోజే మీకు కబురు వస్తుంది. పెండ్లీడు వచ్చిన ఇద్దరు ఇష్టపడితే ఇంటివాళ్ళ, కులంవాళ్ళ ఒప్పుదల అక్కర్లేదని, ఇష్టపడిన ఇద్దరి పెండ్లిలో కుల పంచాయతీలు తలదూర్చడం చట్టవిరుద్ధమని సుప్రీంకోర్టు 2018 మార్చిలో చెప్పిన తీర్పు మాత్రం ఇంతవరకు మీ ఊరికి చేరలేదు. ఏ కబురు అందుకోవాలో, ఏది అందుకోకూడదో తెలిసిన మనుషులు మీరు.

మీరు పిల్లోణ్ణి ప్రేమించరని నేను అనను. ఇరవై ఐదేళ్ళు పెంచారు. వాడికి జ్వరమొస్తే తిరుపతి రుయా ఆసుపత్రికి ఎత్తుకుని పరిగెత్తారు. ఇంజనీరింగు ఫీజుకు మామిడి తోట కుదువపెట్టారు. ఎక్కడ పని దొరికితే అక్కడికి పంపారు, కడుపు కట్టుకుని. చదువు వాడిష్టానికి వదిలారు, ఊరు వాడిష్టానికి వదిలారు, ఏం తినాలో ఏం కట్టుకోవాలో వాడిష్టానికి వదిలారు. ఆ ప్రేమ ఎంత పెద్దదో వాడికి బాగా తెలుసు. తెలుసు కాబట్టే మీ ముందు నోరెత్తలేక, ఆ పిల్లకు ఇచ్చిన మాట తప్పి, మీరు చూపిన చోట తల వంచి తాళి కడతాడు. మీ ప్రేమకు అంత బలం ఉంది. ఆ బలాన్ని మీరు వాడుకున్నారు. ఇరవై ఐదేళ్ళ ప్రేమకు ఒక్క రోజున వడ్డీతో సహా బాకీ రాబట్టుకున్నారు. యువరాజు అని పిలిచి పెంచిన బిడ్డ ఆ రోజు మీ ఇంటి బాకీదారుగా పెండ్లి పీటల మీద కూర్చున్నాడు. ఆ సంగతి మీకు తెలియదనుకోను. ఫొటోల్లో వాడి ముఖం చూసి మీరు కూడా పక్కకు తిరిగారు.

ఇదంతా వంశం కోసం అంటారు. రేపు ఆస్తి ఎవరికి పోవాలి, పిండం ఎవరు పెట్టాలి, ఇంటి దీపం ఎవరు పెట్టాలి. ఈ దూరదృష్టిని కూడా పొగడాలి, కథ తిమ్మరుసు దగ్గర మొదలుపెట్టాను కాబట్టి ఆయన దగ్గరికే పోతాను. రాయలకు తిరుమలదేవి కడుపున తిరుమలరాయడు పుట్టాడు. నిష్కళంకమైన రాచ వంశం, రెండువైపులా. ఆ బిడ్డకు ఆరేళ్ళప్పుడే రాయలు పట్టం కట్టాడు, నెలల తరబడి ఉత్సవాలు చేశాడు. ఆ ఉత్సవాల మధ్యనే బిడ్డ జబ్బుచేసి చనిపోయాడు. తిమ్మరుసు కొడుకే విషం పెట్టించాడని రాయలకు ఎవరో చెప్పారు. నూనిజ్ రాసిన ప్రకారం, మేక కండ్లు చూపి రాయల కండ్లు కాపాడిన ముసలి మంత్రిని కొడుకులతో సహా చెరసాలలో వేసి, మూడేళ్ళ తర్వాత కండ్లు పీకించాడు రాయలు. 1529లో రాయలు పోయేనాటికి మిగిలిన కొడుకు ఏడాదిన్నర పసివాడు. అప్పుడు గద్దెనెక్కడానికి పిలిపించింది ఎవరిని? చంద్రగిరి కోటలో పెట్టిన తమ్ముడు అచ్యుతుణ్ణి.

కండ్లు పీకించమన్నది అన్న. కోటలో పెట్టించింది తమ్ముడు. బిడ్డకు విషం పెట్టారన్న నింద ఇంటి మంత్రి కొడుకు మీద. ఆ గద్దెకు తగిలిన ఈ దెబ్బలన్నీ మనవాళ్ళు అనుకున్న వాళ్ళ వైపు నుంచే. నింద వస్తుందని మంత్రి భయపడ్డ చిన్నాదేవి, ఆ ఇంట్లో రాణిగా ఉండి, కొండ మీద స్వామికి బంగారు గిన్నెలో పాలు పెట్టింది. ఆమె వచ్చినందువల్ల ఆ వంశానికి ఏ నష్టం జరిగిందో పేయస్ రాతలో లేదు, నూనిజ్ రాతలో లేదు, తిరుమల గోడల మీద శాసనాల్లో లేదు. మీ దగ్గర ఏదైనా లెక్క ఉంటే తీసి చూపించండి, పెద్దలారా. చదువుతాను.